రామములక్కాయ పుట్టిల్లు

టమాటా లేని వంటిల్లు ఇవాళ ఊహకైనా అందదు. పప్పులోకి రెండు, చారులోకి ఒకటి, ఏ కూరా తోచనినాడు తొక్కులోకి నాలుగు. 2023 జులైలో కిలో 150 రూపాయలు దాటితే ఇల్లాళ్ళందరం బంగారం ధర అడిగినట్టు టమాటా ధర అడిగాం. ఇంతగా మనతో కలిసిపోయిన ఈ కాయకి చాలా ఇళ్ళల్లో తద్దినం వంటలో మాత్రం చోటు లేదు, గమనించారా? క్యాబేజీ, కాలీఫ్లవర్‌లతోపాటు దీన్నీ ఆ ఒక్కరోజు దూరంగా ఉంచుతారు. పెద్దలకి ఆ రుచి అలవాటు లేదని కాబోలు! నిజానికి మన ముత్తాతల తాతలకి టమాటా తెలియదు. పుస్తకాలు మరిచిపోయిన చరిత్రని ఒక్కోసారి ఆచారం గుర్తుపెట్టుకుంటుంది.

దీని పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల ప్రాంతం. అక్కణ్ణుంచి మెక్సికో చేరి, ఆజ్‌టెక్ జనం చేతుల్లో పెరటిపంటగా పెరిగింది. వాళ్ళ భాషలోని ‘తొమాట్ల్’ అన్న మాటే తిరిగి తిరిగి మన ‘టమాటా’ అయింది. 1521లో స్పెయిన్‌వాళ్ళు ఆ రాజ్యాన్ని కూల్చారు. ఆ తర్వాత ఈ మొక్క ఓడలెక్కి ఐరోపా చేరింది. 1544లో ఇటలీ వైద్యుడు మత్తియోలి దీన్ని చూసి, ఇదేదో కొత్తరకం వంకాయ అని రాశాడు. ఆ కుటుంబంలో విషపు మొక్కలు కూడా ఉన్నాయి కనక చాలామంది తినడానికి జంకారు. టమాటా వంటకాలు ఇటలీలో అచ్చులోకి వచ్చేసరికి 1690లు వచ్చేశాయి. అంటే నూటయాభై ఏళ్ళపాటు ఆ అత్తింటివాళ్ళు కొత్త కోడల్ని వంటింట్లోకి రానివ్వలేదన్నమాట!

మన దేశానికి దీన్ని తెచ్చింది పోర్చుగీసువాళ్ళు. అయినా పంతొమ్మిదో శతాబ్దం చివరిదాకా ఎక్కువగా దొరల బల్లల కోసమే పండించేవారు. బెంగాలీలు దీనికి ‘బిలాతీ బేగున్’, అంటే సీమ వంకాయ, అని పేరు పెట్టారు. చిత్తూరు వైపువాళ్ళు ‘తక్కాళి’ అన్నారు. తెలుగులో ఇంకో చక్కటి పాత పేరుంది: రామములగ, రామములక్కాయ. ములక అంటే గట్ల మీద, బీళ్ళలో పెరిగే ముళ్ళ మొక్క. అదీ వంకాయ చుట్టమే. చదువు లేని మన పల్లెజనం ఆకునీ పువ్వునీ చూసి, ‘ఇది ములక జాతిది, కాకపోతే తినదగ్గ మంచిది’ అని రాముడి పేరు చేర్చి ఇంట్లో కలిపేసుకున్నారు. వంకాయనీ టమాటానీ ఒకే ‘సొలానం’ ప్రజాతిలో చేర్చి 1753లో లిన్నేయస్ అనే స్వీడన్ పండితుడు చెప్పిన మాటా అదే. పాలమూరు జిల్లా బాలానగర్ పేరు మోసిన సీతాఫలం కూడా అమెరికా నుంచి వచ్చిందే. సీతమ్మా రాముడూ ఇలా పరాయి పళ్ళకి ఇంటిపేరు ఇచ్చారు!

ఇక నల్లగొండ, పాలమూరు సంగతికొద్దాం. ఎర్ర చలక నేలలు, నమ్మకం లేని వాన. నాగార్జునసాగర్ నీళ్ళు 1967లో కాలవల్లోకి వదిలాక నల్లగొండలో కొంత మేర పచ్చబడింది గానీ, మిగతా ఊళ్ళకి బావులూ బోర్లే దిక్కయ్యాయి. దేశంలో ఎక్కడెక్కడో ఆనకట్టలకి మట్టిమోసిన పాలమూరు కూలీల ఇళ్ళల్లోనే తాగునీటికి కటకట. అలాంటి చోట పెరట్లో నాలుగు టమాటా మొక్కలు పెంచడమంటే ఇల్లాలు గోలెంలో నీళ్ళు కొలుచుకుని పోయడమే. బియ్యం కడిగిన నీళ్ళూ, కూరలు కడిగిన నీళ్ళూ మొక్కల మొదట్లోకే. అంత కష్టపడి పెంచిన మొక్కకి జబ్బు చేస్తే ప్రాణం ఉసూరుమనదూ? వెంటనే అంగట్లో కనిపించిన మందేదో తెచ్చి చల్లేస్తాం. అది పిల్లలు కోసుకు తినే కాయ అన్నది ఆ గాభరాలో గుర్తుండదు.

నన్నడిగితే మందుకంటే ముందు దాని పుట్టిల్లు గుర్తు చేసుకోవాలంటాను. చల్లని కొండగాలికి పుట్టిన పిల్ల ఇది. నల్లగొండ ఎండలు నలభై డిగ్రీలు దాటితే పూత రాలిపోతుంది. అది జబ్బు కాదు, వేడికి పుప్పొడి పనిచెయ్యకపోవడం. ఏ మందు చల్లినా నిలవదు. ఆగస్టు, సెప్టెంబరుల్లో నారు పోసి, 25, 30 రోజుల నారు నాటుకుంటే పూత చలికాలానికి అందుతుంది.

కాయ అడుగున నల్లటి మచ్చపడి కుళ్ళుతోందా? పురుగనుకుంటాం, కాదు. రెండ్రోజులు ఎండగట్టి మూడోనాడు బిందెడు పోస్తే, నేలలో సున్నం ఉన్నా కాయకి అందదు. కొంచెమైనా సరే క్రమంగా పొయ్యాలి. మొదట్లో వేరుశనగ పొట్టు పరిస్తే తేమ నిలుస్తుంది. పాలమూరులో దానికి కొదవా!

కొన్ని బాధలు మాత్రం అత్తింట్లో ఎదురైన శత్రువులవి. కాయతొలిచే పచ్చపురుగు మన కంది, శనగ చేలల్లో పాతకాపు. దానికి బంతి ఎర. మొక్కల పక్కన బంతి వేస్తే ఆ పురుగు తల్లి గుడ్లు చాలావరకు అక్కడే పెడుతుంది. మిగిలినవి చేత్తో ఏరెయ్యొచ్చు. బతుకమ్మకని ఎలాగూ బంతి వేసుకుంటాం కదా! చెప్పొద్దూ, ఆ బంతి కూడా మెక్సికో పిల్లే. పుట్టింటి నేస్తం ఇక్కడా తోడొచ్చిందన్నమాట.

అన్నింట్లోకీ మొండిది ఆకుముడత. తెల్లదోమ మోసుకొచ్చే వైరస్ ఇది. మన దేశంలో దీన్ని 1948లో శాస్త్రవేత్తలు వివరించారు. ముడుచుకున్న మొక్కకి మందు లేదు. జాలిపడి ఉంచితే పక్క మొక్కలకి అంటుకుంటుంది, పీకెయ్యడమే. నారు దశలో సన్నటి వల కప్పడం, లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రవంత సబ్బు కలిపి దోమ మీద చల్లడం మనం చెయ్యగలిగిన పని.

అసలు విరుగుడు ఎక్కడ దొరికిందనుకున్నారు? పుట్టింట్లోనే! ఈక్వెడార్, పెరూ కొండల్లో ఒళ్ళంతా నూగుతో పెరిగే అడవి టమాటా ఒకటుంది. 1980ల్లో హిస్సార్‌లోని హర్యానా వ్యవసాయ విశ్వవిద్యాలయంలో బెనర్జీ, కల్లూ అనే శాస్త్రవేత్తలు ఆ అడవి బంధువులోని తట్టుకునే గుణాన్ని మన పంట టమాటాలోకి దింపారు. అన్ని రకాల వైరస్‌కీ అదొక్కటే చాలదనుకోండి. అయినా విత్తనం కొనేటప్పుడు ఆకుముడతని తట్టుకునే రకమా అని అడిగి తీసుకుంటే సగం యాతన తప్పుతుంది.

ఇంటికొచ్చిన పిల్ల నీరసపడితే, ‘మీ ఇంట్లో ఏం తినేదానివే, ఎలా ఉండేదానివే’ అని అడిగే అత్తగారిది మంచి మనసు. అడక్కుండా మందు మింగించేవాళ్ళే ఎక్కువ. మొక్క నోరువిప్పి చెప్పలేదు కనక దాని తరఫున ఆ ప్రశ్న మనమే వేసుకోవాలి. ఏమంటారు?