కట్ట మీద ఉన్నది ఎవరు?

సదుం దగ్గరి ఒక పల్లెలో ఒక అవ్వ నాకు పొలాల పేర్లు వరసగా చెప్పుకొచ్చింది. ఎవరి చేను, ఎవరి మడి, ఎవరి మామిడితోపు... అన్నీ మగవాళ్ల పేర్లే. "ఆడోళ్ల పేరు దేనికీ లేదా అవ్వా?" అంటే చెరువు కట్ట వైపు చెయ్యి చూపింది. "అదిగో, ఆయమ్మ ఉండాది గదా!" కట్ట మీద పసుపు పూసిన రాయి.

ఈ ప్రాంతం ఒకప్పుడు పుంగనూరు జమీందారీ. ఆనుకునే ఉన్న మదనపల్లె 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా కడప జిల్లాలో ఉండేది. పుంగనూరు పొట్టి ఆవు గురించి ఉన్నంత రాత, ఆ ఆవు పాలు పితికిన మనిషి గురించి లేదు. జీవనది లేని నేల ఇది. చెరువే ఆధారం. చెరువు బాగుచేసిన వాళ్లకు దశబంధం ఇనాములు దక్కేవి. మట్టి తట్టలు మోసిన వాళ్లకు కూలి దక్కేది.

చిత్తూరు వాడే అయిన కట్టమంచి రామలింగారెడ్డి 'ముసలమ్మ మరణం' రాశారు. అనంతపురం దగ్గరి బుక్కరాయసముద్రం చెరువు తెగబోతుంటే ఒక ఇంటి కోడలు బలి కావడం అందులోని కథ. కన్నడంలో 'కెరెగె హార' భాగీరథి కథా అదే. అల్బేనియాలో రొజాఫా కోటగోడలో సజీవంగా కట్టబడింది కూడా చిన్నకోడలే. త్యాగం, త్యాగం అని పరీక్షల్లో నేనూ రాశాను, మార్కులూ పడ్డాయి. ఇప్పుడు అడగాలనిపిస్తోంది: ఎప్పుడూ కోడలే ఎందుకు? కూతురు రేపు పరాయింటికి పోయేది, కోడలు పరాయింటి నుంచి వచ్చింది. ఆ చెరువు కింద ఇద్దరికీ సెంటు భూమి లేదు. నీళ్ల కోసం ప్రాణమిచ్చినామెకు ఆ నీళ్లు పారే మడి లేదన్నది కవికి గానీ, మాకు పాఠం చెప్పిన వాళ్లకు గానీ పట్టలేదు.

మన రాష్ట్రంలో కూతురికి ఉమ్మడి ఆస్తిలో హక్కు 1985 సెప్టెంబరు 5 నుంచి వచ్చింది. అంతకుముందే పెళ్లయిన వాళ్లకు లేదన్నారు. అవ్వ పెళ్లి అంతకు చాలా ముందే. 2005 కేంద్ర సవరణ ఆ షరతు తీసేసింది గానీ, 2004 డిసెంబరు 20కి ముందు జరిగిన పంపకాలను కదిలించలేదు.

అవ్వ అన్నదమ్ములు ఎప్పుడు పంచుకున్నారో ఆమెకు గుర్తులేదు. ఏదో కాయితం మీద వేలిముద్ర మాత్రం వేసిందట. "అది వెతికి పెడతాలే, మళ్లీ రా" అని, టమాటా కోతకు కూలికి పోయింది.