ఫాను అక్కర్లేని సీమ

1870 ప్రాంతంలో కడప కలెక్టరు హార్స్‌లీ దొర ఎండలకు తాళలేక మదనపల్లె దగ్గరి ఏనుగు మల్లమ్మ కొండెక్కి బంగళా కట్టుకున్నాడు. మదనపల్లె అప్పుడు కడప జిల్లాలోదే, చిత్తూరు జిల్లా 1911లో గదా ఏర్పడింది. కొండకు దొర పేరు స్థిరపడింది, మల్లమ్మ పేరు ముసలోళ్ల నోట్లో మిగిలింది. 1915లో మదనపల్లె పక్కనే క్షయరోగులకు ఆరోగ్యవరం శానిటోరియం తెరిచినప్పుడూ చూసుకున్నది మా గాలినే. మందు లేని ఆ కాలంలో విశ్రాంతి, మంచి తిండి, పొడిగాలి, ఇదే వైద్యం. దాన్ని నడిపింది డెన్మార్కు డాక్టరు ఫ్రిమోట్ మోలర్. సముద్రమట్టానికి రమారమి ఏడు వందల మీటర్ల ఎత్తున్న నేల మాది మరి.

నేను పుట్టింది కుప్పం దగ్గర, మెట్టింది పుంగనూరు పక్క పల్లె. సంబంధం మాట్లాడేటప్పుడు మా మామ "మా ఊర్లో ఫాను కూడా అక్కర్లేదు బావా" అన్నాడని మా నాయన చెప్పేవాడు. ఎకరాలు చెప్పుకున్నట్టే చల్లదనాన్నీ చెప్పుకునేవాళ్లు.

దాన్ని నమ్ముకునే బతుకులు పెట్టుకున్నాం. కుప్పం వైపు మల్బరీ, పట్టుపురుగులు. మదనపల్లె మార్కెట్టుకు ఎండాకాలం టమోటా. వేడి పెరిగితే పురుగు ఆకు ముట్టదు, టమోటా పూత రాలిపోతుంది. మా ఇంట్లో మాత్రం ఆవులు.

పుంగనూరు పొట్టి ఆవు మాదేనని లోకమంతా చెప్పుకుంటాం గాని మా వీధిలో ఒక్కటీ లేదు. మూడడుగుల ఎత్తుండే ఆ ఆవు ఎండుగడ్డి నమిలి కరువును దాటేస్తుంది. పాలల్లో వెన్న దండిగా ఉంటుంది, పాలే తక్కువ. డెయిరీలు వచ్చాక ఆ లెక్క గిట్టలేదు. బ్యాంకు అప్పు ఇచ్చింది జెర్సీకి. ఇప్పుడు పొట్టి ఆవును ముద్దుకు కొని బంగళాల్లో పెంచుకుంటున్నారు, దాని ధర మాలాంటోళ్లకు అందేది కాదు. చలిదేశపు రక్తమున్న జెర్సీ మా చల్లని సీమలో బాగానే ఇమిడింది, మొన్నమొన్నటిదాకా.

2024 వచ్చింది. 1901 నుంచి లెక్కలున్న ఈ దేశంలో అంత వేడి సంవత్సరం మరొకటి నమోదు కాలేదు. ఆ ఏప్రిల్ మధ్యాహ్నాలు రేకుల షెడ్డులో ఆవు పడుకునేది కాదు. నోరు తెరిచి, నాలుక వేలాడేసి, చొంగ కారుస్తూ రొప్పేది. డొక్కలు ఎగిరెగిరి పడేవి. దాణాలో మూతి పెట్టేది కాదు. గోనెసంచులు తడిపి వీపున కప్పితే కాసేపటికే పెళుసుగా ఎండిపోయేవి. సాయంత్రం పాలకేంద్రంలో కొలత తగ్గె, వెన్న శాతమూ తగ్గె. ఎండ నష్టం ఏ చీటీలోనూ రాయరు, రేటులో కోసుకుంటారు.

ఆ పాత క్షయాసుపత్రి పేరే ఇప్పుడు వాతావరణ శాఖ పట్టికలో మా ఎండకు గుర్తు. ఆరోగ్యవరం ఇంత, రెంటచింతల ఇంత అని వస్తుంది. మైదానాల్లో 40 డిగ్రీలు తాకితే గాని వడగాడ్పు లెక్కలోకి తీసుకోరు. కోస్తా వైపు రెంటచింతలకు 40 మామూలు రోజు. మాకు 39 అంటే ఆవు తిండి మానే రోజు, అయినా లెక్కలోకి రాదు. ఎండతోనే పుట్టి పెరిగిన కోస్తావాళ్లు పొద్దెక్కకముందే పని ముగించుకుంటారు, తాటాకు పందిరి వేసుకుంటారు. 2015లో రాష్ట్రంలో వెయ్యి మందికి పైగా వడదెబ్బకు పోయారంటే, అందులో ఎక్కువ మంది ఆ జాగ్రత్తలు తెలిసిన కోస్తా వైపు వాళ్లే. మాకు ఆ అలవాట్లూ లేవు. మిట్టమధ్యాహ్నం కూడా నెత్తిన గుడ్డ లేకుండా చేలో కలుపు తీసే ఊరు మాది.

మా అత్త కాలంలో ఆవులకు చెరుకాకు కప్పిన కొట్టం ఉండేది. రేకులు వేసింది మేమే, చూడ్డానికి బాగుంటాయని, వానకు కారవని. ఈ ఏడు రేకులు దించి మళ్లీ చెరుకాకు కప్పిద్దామని తిరుగుతున్నాం. బోర్లు ఎండి చుట్టుపక్కల చెరుకు వేసేవాళ్లు తగ్గారు. ఆకు ఎక్కడైనా దొరికినా, కప్పడం తెలిసిన మనిషి దొరకడం లేదు. ఉన్న ఒకరిద్దరూ కుప్పంలో రైలెక్కి బెంగళూరు కట్టడం పనులకు పోతున్నారు.