మేకల మంచె: పలకల మధ్య సందు ఎంత ఉండవలెను?

మేకలను నేలకు ఎత్తుగా, చెక్క పలకల అరుగు మీద ఉంచి పెంచు పద్ధతిని తమిళంలో ‘పరణ్’ పద్ధతి అందురు. తెలుగులో మంచె కొట్టం అనవచ్చును. ధర్మపురి, సేలం, కృష్ణగిరి ప్రాంతములు సేలం కరుప్పు జాతి మేకలకు పుట్టినిల్లు. వానకాలమున మందను తడి నేల మీద కట్టివేసినచో గిట్టలు మెత్తబడి కుళ్లును. పిల్లలకు రక్త విరేచనములు సోకును. పెంటికలు, మూత్రము కిందికి జారిపోయి మేక పొడి చెక్క మీద పడుకొనుటయే మంచె ఉద్దేశము. అది నెరవేరుట పలకల నడుమ సందును బట్టియే ఉండును.

కొలతలు

పలక వెడల్పు 7.5 నుండి 10 సెం.మీ., మందము 2.5 నుండి 4 సెం.మీ., సందు 1 నుండి 1.5 సెం.మీ. ఉండవలెను. మంచె నేలకు కనీసము 1 మీటరు ఎత్తున ఉన్నచో కింద ఊడ్చి ఎరువు తీయుట సులభము. పెద్ద మేక ఒక్కింటికి సుమారు 1 చదరపు మీటరు చోటు కావలెను.

సందు ఇరుకైనచో పెంటికలు ఇరుక్కొని, మూత్రము నిలిచి, ఘాటు వాసన మేకల ఊపిరితిత్తులను బాధించును. ఎక్కువైనచో పిల్లల గిట్ట దిగబడి కాలు విరుగును. ఈనిన మేకలున్న మూలలో పలకలను 1 సెం.మీ. సందుతోనే అమర్చి, పిల్లలు పుట్టిన తొలి రోజులలో పొడి గోనెసంచి పరచవలెను.

పచ్చి చెక్క, ఎండు చెక్క

చెక్క పొడవునందు దాదాపు మారదు, వెడల్పునందు మారును. 10 సెం.మీ. పచ్చి పలక ఎండుసరికి 5 మి.మీ. దాకా తగ్గవచ్చును. పచ్చి పలకలను 1.5 సెం.మీ. సందుతో కొట్టినచో కొన్ని నెలలకే అది 2 సెం.మీ. అగును. కనుక ఎండిన చెక్కయే మేలు. పచ్చిదే దొరికినచో సందు 1 సెం.మీ. చాలును. ఎండలు ముదిరిన చిత్తిర, వైకాశి నెలలలో బాగా ఎండిన పలకలు కొట్టునప్పుడు 1.5 సెం.మీ. విడువవలెను, ఐప్పసి వానలకు అవి ఉబ్బును.

అమర్చు విధము

1. కావలసిన సందు మందము గల రెండు చెక్క ముక్కలు చేయించుకొనవలెను. పలకల రెండు చివరల నడుమ వాటిని పెట్టి, మేకులు కొట్టిన పిదప తీయవలెను.
2. పలక అంచులను గుండ్రముగా చిత్రిక పట్టించవలెను. మేకుల తలలు పైకి తేలరాదు.
3. కింది దూలములు దూరమైనచో పలక వంగి సందు మారును.

తనిఖీ

ఏటా వానలకు ముందు, ఎండల పిదప 1 సెం.మీ., 1.5 సెం.మీ. ముక్కలతో చూడవలెను. మొదటిది దూరని చోట పలక అంచు చెక్కించవలెను. రెండవది వదులుగా దూరు చోట పలకను జరిపి మరల కొట్టవలెను. సందేహములున్నచో సమీప పశువైద్యశాలలోనో, పాప్పారపట్టి కృషి విజ్ఞాన కేంద్రములోనో అడుగవచ్చును.