దక్షిణ అమెరికా కవచమత్స్యము – కుశస్థలీ తీరము

తిరువళ్ళూరు జిల్లా పళ్ళిపట్టు తాలూకాలోని పొదటూరుపేట నేతపనికి పేరువడిన యూరు. తిరుత్తణి ప్రాంతముతోపాటు ఇదియు చిత్తూరు జిల్లానుండి విడివడి, 1960 ఏప్రిల్ 1వ తేదీన మద్రాసు రాష్ట్రమున చేరినది. ఎల్లలు మారినను నీటిదారులు మారలేదు. కుశస్థలీ నది ఆంధ్రదేశమునుండి పళ్ళిపట్టు మీదుగా ప్రవహించి, 1944లో నిర్మింపబడిన పూండి జలాశయమును చేరుచున్నది. 1983లో ఆరంభమైన తెలుగుగంగ పథకమువలన 1996లో కృష్ణాజలములును అచ్చటికే వచ్చినవి. ఇట్లు జలములు కలిసినచోట క్రొత్త జలచర మొకటి ప్రవేశించినచో దానిని ఏ యెల్లయు నాపజాలదు. దక్షిణ అమెరికా కవచమత్స్యముల చరిత్రము ఈ సత్యమునే చాటుచున్నది.

ఈ మత్స్యముల కుటుంబమునకు లోరికారిడే అని శాస్త్రనామము. వీనికి పొలుసులు లేవు. ఎముకపలకలు దేహమును కవచమువలె కప్పియుండును. క్రిందివైపునకు తిరిగిన నోటితో రాళ్ళను, మ్రాకులను అంటిపట్టుకొని నాచును గీకి తినును. ఈ కుటుంబపు చేప నొకదానిని 1758లో లిన్నేయసు వర్ణించెను. 1871లో కోప్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ఓటోసింక్లస్ అను ప్రజాతికి నామకరణము చేసెను. ఇది ఇంచుమించు రెండంగుళములు మాత్రమే పెరుగు సాధుజీవి.

గాజుతొట్లలో చేపలను పెంచువారు నాచును తొలగించుటకై ఇట్టివానిని కొనుట పరిపాటి. చిక్కు ఇచ్చటనే కలదు. అంగడిలో వేలెడంతగా కనబడు పిల్ల టెరిగోప్లిక్తిస్ ప్రజాతిదైనచో, అది అడుగునకు మించి పెరుగును. తొట్టి చాలక, చంపుటకు మనసొప్పక, పెంచినవారు దానిని చెరువులలో విడిచిరి. ఇట్లు ఈ చేప తిరువనంతపురపు కాలువలకును, కలకత్తా తూర్పు తడినేలలకును, చెన్నపట్టణ పరిసరములకును, తెలుగుదేశపు జలములకును వ్యాపించెను. తెలుగు జాలరులు దీనిని దయ్యపు చేప యనుచున్నారు.

ఆ పేరు ఊరక రాలేదు. దాని ముళ్ళును పలకలును వలలను చించును. సంతలో దానికి గిరాకి లేదు. కావున అది వలలో పడిన దినము జాలరికి రెండువిధముల నష్టము. నీటిలో ప్రాణవాయువు తగ్గినపుడు పైకివచ్చి గాలిని మ్రింగి, జీర్ణాశయముచే శ్వాసించి బ్రదుకును. మగచేప గట్లలో బొరియలు త్రవ్వి గ్రుడ్లను కాచును. అందుచే మట్టిగట్లు బలహీనపడును. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. సంస్థ శాస్త్రజ్ఞులు నీటిలో మిగిలిన జన్యుపదార్థమును పరీక్షించి, తూర్పు కనుమల జలములలో ఇది విస్తరించినదని కనుగొనిరి.

తిరుత్తణి సీమలో సేద్యమునకు మట్టికట్టల చెరువులు అనాదిగా నాధారము. ఒకసారి నాటుకొన్న ఈ చేపను పూర్తిగా తొలగించుట మిక్కిలి కష్టము. కావున జాతి నెరిగి కొనుటయు, పెరిగినదానిని ఏటిలోగాని చెరువులోగాని విడువకుండుటయు ముఖ్యకర్తవ్యములు. ఇల్లు దాటిన చిన్న చేప ఊరి చెరువునకు పెద్ద ముప్పు కాగలదు.