యూనిక్స్ సర్వర్ మొరాయిస్తే: రీబూట్‌కు ముందు తెలియాల్సిన మాటలు, చూడాల్సిన చోట్లు

హైదరాబాద్‌లోనో, గల్ఫ్‌లోనో సర్వర్ సపోర్ట్ ఉద్యోగం చేసే అబ్బాయో అమ్మాయో అర్ధరాత్రి ఫోన్ రాగానే లేచి ల్యాప్‌టాప్ తెరవడం మన ఇళ్లల్లో కొత్త కాదు. ఆ ఫోన్ వెనుక చాలాసార్లు ఒక యూనిక్స్ సర్వర్ ఉంటుంది. బ్యాంకు లావాదేవీలు, టెలికాం బిల్లులు, ఆసుపత్రి రికార్డులు నడిపే పెద్ద యంత్రం అది. ఈ ఉద్యోగంలో కొత్తగా చేరినవారికి, చేరాలనుకునేవారికి పనికొచ్చే మాటలను, లోపం వెతికే పద్ధతిని ఇక్కడ ఇస్తున్నాం. అన్నిటికన్నా ముందు గుర్తుంచుకోవాల్సింది ఒకటే: ఆధారం చూడకుండా రీబూట్ చేయొద్దు. రీబూట్‌తో సమస్య కనిపించకుండా పోవచ్చు, దాంతోపాటు కారణం కూడా పోతుంది.

ఏ యూనిక్స్?

యూనిక్స్ 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీల చేతుల్లో మొదలైంది. ఇప్పుడు కంపెనీల్లో ఎదురయ్యేవి ముఖ్యంగా మూడు: ఐబీఎం వారి ఏఐఎక్స్, ఒరాకిల్ వారి సొలారిస్, హెచ్‌పీఈ వారి హెచ్‌పీ-యూఎక్స్. సొలారిస్ సన్ మైక్రోసిస్టమ్స్‌ది. ఆ కంపెనీని 2010లో ఒరాకిల్ కొన్నది. మూడింటి మూలం ఒకటే అయినా కమాండ్లలో తేడాలున్నాయి. అందుకే సర్వర్‌లోకి లాగిన్ కాగానే యూనేమ్ కమాండ్ కొట్టి ఎక్కడున్నామో, హోస్ట్‌నేమ్ చూసి ఏ యంత్రంలో ఉన్నామో ఖాయం చేసుకోవాలి. పక్క సర్వర్‌లో సరైన కమాండ్ కొట్టినా అది పెద్ద తప్పే.

తరచూ వినిపించే మాటలు

ఎల్‌పార్: ఒకే పెద్ద యంత్రాన్ని భాగాలు చేసి, ఒక్కో భాగాన్ని విడి సర్వర్‌లా నడపడం. ఐబీఎం పవర్ యంత్రాల్లో ఈ మాట వాడతారు. వీటిని బయటినుంచి నడిపించే కన్సోల్‌ను హెచ్ఎంసీ అంటారు.

వాల్యూమ్ గ్రూప్: కొన్ని డిస్కులను కలిపి చేసిన గుంపు. అందులోంచి కోసి ఇచ్చే ముక్క లాజికల్ వాల్యూమ్. దాని మీద ఫైల్‌సిస్టమ్ ఉంటుంది. ఏఐఎక్స్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ ఉండే గుంపు పేరు రూట్‌వీజీ.

ఐనోడ్: ప్రతి ఫైలుకూ ఉండే గుర్తింపు చీటీ లాంటిది. ఫైలు సొంతదారు, సైజు, డిస్కులో ఎక్కడుందో ఇందులో ఉంటుంది. ఫైలు పేరు మాత్రం డైరెక్టరీలో ఉంటుంది.

పేజింగ్ స్పేస్: మెమరీ చాలనప్పుడు డిస్కు మీద వాడుకునే చోటు. దీన్నే స్వాప్ అని కూడా అంటారు.

కోర్ డంప్: ప్రోగ్రామ్ కూలిపోయిన క్షణంలో దాని మెమరీ ఎలా ఉందో రాసిపెట్టిన ఫైలు. కారణం వెతికేవారికి ఇదే సాక్ష్యం.

డిస్క్ నిండిందని వస్తే

ఎక్కువగా వచ్చే టికెట్ ఇదే. డీఎఫ్ కమాండ్ ఫైల్‌సిస్టమ్ మొత్తం ఎంత నిండిందో చెబుతుంది. డీయూ కమాండ్ ఏ డైరెక్టరీ ఎంత తింటోందో చెబుతుంది. ఒక్కోసారి డీఎఫ్ 100 శాతం అంటుంది, డీయూ లెక్క కూడితే సగం కూడా రాదు. కొత్తవారు ఇక్కడే గాభరా పడతారు.

ఎవరో పెద్ద లాగ్ ఫైలును డిలీట్ చేసి ఉంటారు. అయితే అప్లికేషన్ ఆ ఫైలును ఇంకా తెరిచే ఉంచింది. పేరు పోయింది, జాగా మాత్రం ఖాళీ కాలేదు. ఆ ప్రాసెస్ ఫైలును మూసేదాకా ఖాళీ కాదు కూడా. ఏఐఎక్స్‌లో ఫ్యూజర్ కమాండ్‌కు డి ఆప్షన్ ఇస్తే అలాంటి ప్రాసెస్‌లు కనిపిస్తాయి. వేరే చోట్ల ఎల్‌ఎస్‌ఓఎఫ్ ఉంటే దానితో చూడొచ్చు. అప్లికేషన్ టీమ్‌కు చెప్పి ఆ ఒక్క ప్రాసెస్‌ను పద్ధతిగా రీస్టార్ట్ చేయిస్తే సరిపోతుంది, సర్వర్ మొత్తం ఆపనక్కర్లేదు.

జాగా ఉన్నా 'జాగా లేదు' అని వస్తే ఐనోడ్‌లు అయిపోయాయేమో చూడాలి. లక్షల కొద్దీ చిన్న ఫైళ్లు పేరుకుంటే ఇలా జరుగుతుంది. ఏఐఎక్స్‌లో మామూలు డీఎఫ్‌లోనే ఐనోడ్ శాతం కూడా కనిపిస్తుంది.

నిజంగానే జాగా చాలకపోతే, ఏఐఎక్స్‌లో సీహెచ్‌ఎఫ్‌ఎస్ కమాండ్‌తో సర్వర్ నడుస్తుండగానే ఫైల్‌సిస్టమ్‌ను పెంచవచ్చు. అయితే వాల్యూమ్ గ్రూప్‌లో ఖాళీ ఉందో లేదో ఎల్‌ఎస్‌వీజీతో ముందే చూసుకోవాలి.

సర్వర్ నిదానించిందంటే

'స్లోగా ఉంది' అన్న ఒక్క మాటతో ఏమీ తేలదు. వీఎంస్టాట్ కమాండ్‌ను 5 సెకన్లకోసారి నడిపించి, కొన్ని వరుసలు చూడాలి. మొదటి వరుసను లెక్కలోకి తీసుకోవద్దు, అది బూట్ అయినప్పటి నుంచి వచ్చిన సగటు కావచ్చు. ఆర్ కాలమ్ ప్రాసెసర్ల సంఖ్య కంటే ఎప్పుడూ ఎక్కువుంటే సీపీయూ కోసం క్యూ ఉన్నట్టు. ఏఐఎక్స్‌లో పీఐ, పీఓ కాలమ్‌లు ఆగకుండా కదులుతుంటే మెమరీ చాలడం లేదని అర్థం. ఆ రెండూ బాగుండి వెయిట్ ఎక్కువుంటే డిస్కుల వైపు చూడాలి.

ఏఐఎక్స్‌లో పేజింగ్ స్పేస్ బాగా తగ్గితే సిస్టమ్ ముందు ప్రాసెస్‌లకు ప్రమాద సంకేతం పంపుతుంది. ఇంకా తగ్గితే కొన్నిటిని చంపేస్తుంది. 'అప్లికేషన్ దానంతటదే ఆగిపోయింది' అన్న ఫిర్యాదు వెనుక ఒక్కోసారి ఇదే ఉంటుంది. ఎల్‌ఎస్‌పీఎస్ కమాండ్‌తో ఎంత మిగిలిందో చూడండి.

ప్రాసెస్‌ను ఆపాల్సి వస్తే

కిల్ కమాండ్ మామూలుగా 15వ నంబర్ సంకేతం పంపుతుంది. 'పని సర్దుకుని ఆగిపో' అని దాని అర్థం. 9వ నంబర్‌కు సర్దుకునే అవకాశమే ఉండదు. డేటాబేస్ మీద నేరుగా 9 వాడితే మెమరీ ముక్కలు, లాక్‌లు అలాగే మిగిలిపోయి మళ్లీ స్టార్ట్ కావడమే కష్టం కావచ్చు. కాబట్టి ముందు 15 పంపి, కాసేపు ఆగి, డేటాబేస్ టీమ్‌తో మాట్లాడాకే 9.

జాంబీ ప్రాసెస్ ఇప్పటికే చనిపోయింది, దాన్ని మళ్లీ చంపలేం. దాని మాతృ ప్రాసెస్ లెక్క తీసుకోకపోవడం వల్లే జాబితాలో మిగిలింది. చూడాల్సింది ఆ మాతృ ప్రాసెస్‌నే.

లాగ్‌లు ఎక్కడ?

సొలారిస్‌లో వార్ కింద ఏడీఎం డైరెక్టరీలోని మెసేజెస్ ఫైలు చూడాలి. సొలారిస్ 10 నుంచి ఆగిపోయిన సర్వీసుల కారణాన్ని ఎస్‌వీసీఎస్ కమాండ్ ఎక్స్ ఆప్షన్‌తో చెబుతుంది. హెచ్‌పీ-యూఎక్స్‌లో సిస్‌లాగ్ ఫైలు ఉంటుంది. ఏఐఎక్స్‌లో ఎర్‌పీటీ కమాండ్ వాడాలి. అందులో టైమ్ చదవడం చాలామందికి తెలియదు. వరుసగా నెల, తేదీ, గంట, నిమిషం, సంవత్సరం ఉంటాయి. 0614023025 అంటే 2025 జూన్ 14, రాత్రి 2.30. పక్కన పి అని ఉంటే శాశ్వత లోపం, టి అంటే తాత్కాలికం. తరువాతి కాలమ్‌లో హెచ్ హార్డ్‌వేర్‌కు, ఎస్ సాఫ్ట్‌వేర్‌కు గుర్తు. మామూలు సెట్టింగ్‌లో సాఫ్ట్‌వేర్ ఎంట్రీలు 30 రోజులు, హార్డ్‌వేర్ ఎంట్రీలు 90 రోజులే నిలుస్తాయి. కాబట్టి కాపీ తీసి టికెట్‌కు జత చేయండి.

రీబూట్ తప్పదంటే

ఏళ్లుగా ఆగని సర్వర్ మళ్లీ లేస్తుందన్న భరోసా లేదు. ఏఐఎక్స్‌లో ఎంకేసిస్‌బీ బ్యాకప్ ఎప్పటిదో, బూట్‌లిస్ట్‌లో సరైన డిస్కు ఉందో, హెచ్ఎంసీ కన్సోల్ తెరుచుకుంటోందో ముందే చూడాలి. ఫైల్‌సిస్టమ్‌ల జాబితా, నెట్‌వర్క్ వివరాలు, నడుస్తున్న ప్రాసెస్‌ల జాబితా వేరే యంత్రంలో దాచుకోవాలి. లేచాక పోల్చి చూడటానికి అవే ఆధారం. కంపెనీ నుంచి రాతపూర్వక అనుమతి లేకుండా మాత్రం చేయి పెట్టొద్దు.

రూట్ పాస్‌వర్డ్ ఒక అమానత్. ఆ యంత్రంలో ఎవరి జీతమో, ఎవరి ఆపరేషన్ రిపోర్టో ఉంటుంది. పొరపాటు జరిగితే దాచకుండా, ఏ కమాండ్ ఎన్ని గంటలకు కొట్టామో వెంటనే సీనియర్‌కు చెప్పేయాలి. చెప్పిన తప్పును రాత్రికి రాత్రే సరిదిద్దొచ్చు. దాచిన తప్పు కోసం పది మంది తెల్లారేదాకా వెతకాల్సి వస్తుంది.