ఆటపెట్టెలో చలనచిత్రము

గత శతాబ్దపు చివరి దశకమున, టెలివిజను క్రింద పిల్లల వినోదము కొఱకు ఉంచబడిన వీడియో గేము యంత్రము ఇంటిల్లిపాదికిని చలనచిత్రములు చూపు సాధనమగుటయు, ఆ చిత్రములను వ్యాపారసంస్థలే గాక సామాన్యగృహస్థులు సైతము తమ కంప్యూటరు వద్ద కూర్చుండి స్వయముగా డిస్కులపై రాసికొనగలుగుటయు, వేర్వేరుగా పుట్టి దైవికముగా కలిసిన సంగతులు కావు. సంగీతము కొఱకు 1982లో విపణికి వచ్చిన 12 సెంటీమీటర్ల కాంపాక్ట్ డిస్కు ఆ రెండింటికిని తల్లి. ఆ ఫలకముపై చిత్రమునకు చోటు కల్పించిన శాస్త్రజ్ఞుల మితవ్యయబుద్ధియు, ఆటను మాత్రము తాళమువేసి కాపాడుకొనవలెనను వర్తకుల జాగరూకతయు, ఆ తాళమునకు ఆవల మిగిలిన స్వేచ్ఛను వినియోగించుకొన్న గృహస్థుల ఉత్సాహమును ఈ చరిత్రకు మూలద్రవ్యములు. పిల్లలాటల ప్రసంగమని దీనిని త్రోసివేయరాదు. ఒక తరమువారి పెండ్లిండ్లును, పుట్టినరోజులును, పాఠశాలావార్షికోత్సవములును ఈ డిస్కులయందే నేటికిని నిక్షిప్తములై యున్నవి.

ఫిలిప్స్, సోనీ, మత్సుషిత, జేవీసీ సంస్థలు 1993లో వైట్ బుక్ అను నియమావళిని ప్రకటించుటతో వీడియో సీడీ జన్మించెను. ఇటలీదేశీయుడైన లియొనార్డో కియారిలియోనె చొరవతో 1988లో ఏర్పడిన ఎంపెగ్ సంఘము అప్పటికి చిత్రమును కుదించు పద్ధతి నొకదానిని సిద్ధము చేసియుండెను. సమస్య యెల్ల ఇరుకుతనమునందే యుండెను. సంగీతపు డిస్కు తిరుగు వేగమున సెకనునకు 75 సెక్టార్లు, అనగా సమాచారఖండములు, మాత్రమే కాంతికిరణము క్రిందికి వచ్చును. ఆ సన్నని ధారలోనే బొమ్మయు, ధ్వనియు ఇముడవలెను. కంప్యూటరు సమాచారమును దాచునపుడు ఒక్కొక్క సెక్టారున 2048 బైట్లు సమాచారమునకిచ్చి, మఱి 276 బైట్లను తప్పులు దిద్దుటకై కేటాయింతురు. ఏలయన జమాఖర్చుల పద్దులో ఒక్క అంకె మారినను లెక్క యంతయు చెడును. చిత్రమున నొక చుక్క చెదరినచో కన్ను దానిని మన్నించును. కావున వీడియో సీడీని రూపొందించినవారు ఆ అదనపు రక్షణను విడిచి, సెక్టారునకు 2324 బైట్లను చిత్రమునకే సమర్పించిరి. అట్లు సెకనునకు లభించిన 13,94,400 బిట్లలో సుమారు 11,50,000 బొమ్మకును, 2,24,000 ధ్వనికిని పంచి, మిగిలిన కొద్దిపాటిని సమాచారపు పొట్లముల పైచీటీలకు ఉంచిరి. 650 మెగాబైట్ల డిస్కుపై 740 మెగాబైట్ల చిత్రము పట్టుట తొలినాట డిస్కులు రాసినవారికి అబ్బురము గొల్పిన విషయము; అందలి మర్మము ఇదియే. 74 నిమిషముల నిడివి, మనవంటి పాల్ పద్ధతి దేశములలో 352 చుక్కల వెడల్పు, 288 చుక్కల ఎత్తు, సెకనునకు 25 బొమ్మలు: ఇంతకు మించిన వైభవము దానికి లేదు. అయినను ఇంత పొదుపుగా, ఇంత నిక్కచ్చిగా చేయబడిన పంపకమును నేను ఇంజనీరింగు విద్యలో ఒక సుందరకృతిగా భావింతును.

ఈ డిస్కునకును ఆటయంత్రమునకును గల చుట్టరికము పుట్టుకనాటిదే. 1991లో ఫిలిప్స్ వారు ఆటలును, విజ్ఞానమును, వినోదమును ఒకే యంత్రమున అందింపనెంచి అమెరికాలో విక్రయించిన సీడీ-ఐ, ఒక డిజిటల్ వీడియో కార్ట్రిడ్జిని చేర్చినచో చలనచిత్రములను చూపగలిగెను. వైట్ బుక్ నియమావళియు ఆ యంత్రమును మఱువక, ప్రతి వీడియో సీడీలోను సీడీఐ అను ఫోల్డరునందు ఆ యంత్రము కొఱకై ఒక చిన్న ప్రోగ్రామునకు స్థానము నొసగెను. ఫిలిప్స్ యంత్రము విపణిలో నిలువలేదు. దాని కొఱకు వ్రాయబడిన ఆ ప్రోగ్రాము మాత్రము అటుపిమ్మట అసంఖ్యాకములైన డిస్కులలో, ఎవరును తెఱవని గదివలె, తరలిపోవుచు వచ్చెను.

సెగా సంస్థ శాటర్ను యంత్రము వెనుకభాగమున వీడియో సీడీ కార్డునకు ప్రత్యేకమైన అర యుండెను. హిటాచీ వారు తమ హై-శాటర్నునందు ఆ శక్తిని ముందుగనే అమర్చి విక్రయించిరి. సోనీ ప్లేస్టేషనునకు ఆసియా విపణి కొఱకు శ్వేతవర్ణపు నమూనా యొకటి వెలువడెను; అది వీడియో సీడీలను స్వయముగా ఆడించెడిది. తక్కిన ప్లేస్టేషనులు గలవారు వెనుకనున్న సమాంతర పోర్టునకు తగిలించు ఎంపెగ్ కార్డులను కొనుక్కొనిరి. ఇచ్చట గమనింపవలసిన ముఖ్యవిషయ మొకటి కలదు. ప్లేస్టేషను ఆటల డిస్కులందు తొలిభాగపు గాడి అతిసూక్ష్మముగా అటునిటు ఊగుచుండును. ఆ ఊగిసలాటలో ప్రాంతసంకేతము దాగియుండును. ఇంటి సీడీ రైటరు దానిని అనుకరింపజాలదు. కాని ఈ పరీక్ష ఆటలకే పరిమితము. పాటల డిస్కుగాని, వీడియో సీడీగాని వచ్చినపుడు ఈ యంత్రములు ముద్ర నడిగెడివి కావు. అనగా వర్తకులు తమ సొమ్మునకు తాళమువేసికొని, ప్రజల సొమ్మునకు తలుపు తెఱచియే యుంచిరి. ఇది న్యాయమైన ఏర్పాటు. తరువాతి కాలపు యంత్రములు ఈ మర్యాదను పూర్తిగా పాటింపలేదని నాకు ఖేదము కలదు.

1995లో హ్యూలెట్ ప్యాకార్డు వారు వేయి డాలర్లకు లోపుగా ఒక సీడీ రైటరును విక్రయించుటతో డిస్కు రాయుట ప్రయోగశాలలనుండి గృహములకు దిగివచ్చెను. ఆనాటి శ్రమ నేటివారికి ఊహకందుట కష్టము. కెమెరా టేపునుండి చిత్రమును కంప్యూటరునకు ఎక్కించిన పిమ్మట దానిని ఎంపెగ్ రూపమునకు కుదింపవలెను. జపానుదేశీయుడైన హోరి రచించిన టీఎంపెగ్‌ఎన్క్ అను సాఫ్ట్‌వేరు ఈ పనికి ప్రసిద్ధి కెక్కెను. ఒక గంట చిత్రమును కుదించుటకు ఆనాటి కంప్యూటరు రాత్రియెల్ల పనిచేసినను తెల్లవారునప్పటికి ముగియునని నమ్మకము లేదు. అటుపై నీరో వంటి సాధనముతో డిస్కు రాయవలెను. రాయుచుండగా సమాచారప్రవాహము క్షణకాలము తెగినచో డిస్కు నిష్ప్రయోజనమగును; కావున రైటరు పనిచేయుచున్నంతసేపు కంప్యూటరును ఎవరును తాకరాదని గృహములలో ఆజ్ఞలు పుట్టెను. డిస్కును పరీక్షించుటలో యంత్రములు వేర్వేరు స్వభావములు కనబఱచెను. ఒకసారి మాత్రమే రాయదగిన సీడీ-ఆర్ కాంతిని ఇంచుమించు అచ్చుడిస్కువలెనే ప్రతిఫలించును. తుడిచి మరల రాయదగిన సీడీ-ఆర్‌డబ్ల్యూ ప్రతిఫలించు కాంతి నాలుగవవంతునకు మించదు. పాత యంత్రములు మొదటిదానిని ఆదరించి రెండవదానిని తిరస్కరించుటకు కారణమిదియే.

ఈ కథలో మిక్కిలి విచిత్రమైన ఘట్టము సెగా డ్రీమ్‌కాస్టునకు సంబంధించినది. 1998 నవంబరు 27న జపానులో వెలువడిన ఈ యంత్రమునకు యమహా సంస్థతో కలసి జీడీ-రామ్ అను ప్రత్యేకమైన డిస్కును సిద్ధము చేసిరి. దానిపై సుమారు ఒక గిగాబైటు పట్టును. ఇంటి రైటరులు దానిని చదువనులేవు, రాయనులేవు. దుర్గము అభేద్యమని తోచెను. అయితే సంగీతసంస్థలు పాటలతోబాటు బొమ్మలను, పట్టికలను చేర్చి విక్రయించుకొనుటకు అనువుగా మిల్-సీడీ అను మఱియొక పద్ధతిని సెగా వారే కల్పించి, సాధారణ సీడీనుండియు యంత్రము మేల్కొనునట్లు చేసిరి. సింహద్వారమునకు ఇనుపతలుపులు బిగించి పెరటిగడియ మఱచిన గృహస్థుని చందమున, తాళమంతయు జీడీ-రామ్‌నందుంచి, ఈ మార్గమును స్వల్పమైన కాపలాతో విడిచిపెట్టిరి. సీడీనుండి వచ్చు ప్రోగ్రామును యంత్రము ఒక క్రమమున తాఱుమాఱు చేసి పిదప నడపును. కావున ఆట ప్రోగ్రామును యథాతథముగా రాసినచో అది చెడిపోవును. అదే క్రమమును ముందుగనే విపరీతముగా అనువర్తించి రాసినచో రెండు తాఱుమాఱులును ఒకదానినొకటి రద్దుచేసికొని ప్రోగ్రాము సరిగా నడచునని ఔత్సాహికులు అనతికాలముననే గ్రహించిరి.

డ్రీమ్‌కాస్టునకు వీడియో సీడీని ఆడించు శక్తి పుట్టుకతో లేదు. అందుచే దానికొఱకు చిత్రపు డిస్కు రాయుట తక్కిన యంత్రములకు రాయుటవంటిది కాదు. చిత్రమును చూపు ప్రోగ్రామును సైతము చిత్రముతోబాటు అదే డిస్కుపై పొందుపఱుపవలెను. డిస్కును మిల్-సీడీవలె రెండు విడతలుగా రాయవలెను. మొదటి విడతలో నాలుగు సెకనుల నిశ్శబ్దపు పాటను రాయుదురు. అది 302 సెక్టార్లు. విడత ముగింపునకు 6750, క్రొత్త విడత ఆరంభమునకు 4500, నడిమి విరామమునకు 150 సెక్టార్లు పోగా, రెండవ విడత సరిగా 11,702వ సెక్టారున మొదలగును. ఆ సంఖ్యను ముందుగా లెక్కించి ఫైళ్ల పట్టికయందు చేర్పనిచో యంత్రము డిస్కును గుర్తింపదు. వేఱెవ్వరికిని అక్కఱలేని ఈ 11,702 అను సంఖ్యను దేశదేశముల యువకులు కంఠస్థము చేసిరి. డిస్కును లోన ఉంచిన వెంటనే ప్రోగ్రాము మేల్కొని, 200 మెగాహెర్ట్జుల హిటాచీ ప్రాసెసరుతో, ప్రత్యేకమైన ఎంపెగ్ చిప్పు సాయము లేకయే, చిత్రమును విప్పి తెరపై చూపెడిది. డీవ్‌ఎక్స్ పద్ధతిలో మఱింత కుదించిన చిత్రములను సైతము ఆడించు ప్రోగ్రాములు పుట్టెను. ఇవి యంత్రనిర్మాత ఇచ్చిన వరములు కావు. జీతము గాని, ఆజ్ఞ గాని లేక పనిచేసినవారి విద్యాఫలములు.

అదే పెరటిమార్గమున చౌర్యమును ప్రవేశించెను. 2000 జూనులో యుటోపియా అను బూటు డిస్కు బయల్పడుటతో ఆటల నకళ్లు వెల్లువవలె వ్యాపించినవి. ఆటకు ప్రాణము పోసిన శిల్పికి చేరవలసిన మూల్యము చేరలేదు. దీనిని నేను సమర్థింపను. సెగా వారు తరువాతి యంత్రములలో కొన్నింట మిల్-సీడీ మార్గమును మూసివేసిరి. 2001 జనవరి 31న డ్రీమ్‌కాస్టు ఉత్పత్తిని విరమింతుమని ప్రకటించిరి. నకళ్లే ఆ యంత్రమును చంపినవని చెప్పుట పరిపాటియైనది గాని, అది సత్యమున కొక పార్శ్వము మాత్రమే. ఆ సంస్థ శాటర్ను కాలముననే తీవ్రనష్టములలో మునిగియుండెను. 2000 మార్చిలో జపానున వెలువడిన ప్లేస్టేషను 2, ఆటయంత్రపు ధరకే డీవీడీ చిత్రములను సైతము చూపి, కొనుగోలుదారుల మనస్సులను ముందే హరించెను. డీవీడీని చేర్చకుండుట డ్రీమ్‌కాస్టునకు, నా తీర్పున, నకళ్లకంటె పెద్ద దెబ్బ.

ప్లేస్టేషను 2 డీవీడీని ఆదరించినను వీడియో సీడీని ఆదరింపలేదు. పాశ్చాత్యులకు ఇది లోపముగా తోచలేదు; ఆసియాలో మాత్రము కోట్లకొలది గృహములయందు వీడియో సీడీయే సినిమా. చైనాలో హెఫెయి నగరమునుండి 1993లో వాన్యాన్ అను యంత్రము వెలువడినది మొదలు ఆ పరిశ్రమ పెక్కు ఫ్యాక్టరీలకు ప్రాకి, చవుకయంత్రములు మన పట్టణములను నింపెను. ఆ యంత్రములలో కొన్నింటికి ఆటల డిస్కుతోబాటు గేము రిమోట్లును జతపఱచి యుండెడివి. అచ్చట ఆటయంత్రము సినిమాను చేర్చుకొన, ఇచ్చట సినిమాయంత్రము ఆటను చేర్చుకొనెను. తెలుగుసినిమా నిడివికి 74 నిమిషముల డిస్కు చాలదు గనుక ఒక్కొక్క సినిమా రెండు మూడు డిస్కులుగా వచ్చెడిది. 2007 ప్రాంతమున మోసర్ బేర్ సంస్థ 28 రూపాయలకే సినిమా సీడీని విక్రయించుటతో నకలు సీడీకిని అసలు సీడీకిని ధరలో భేదము దాదాపు నశించెను. ఆ సంస్థయు 2018లో దివాలా పాలయ్యెను. మన ఊళ్ల ఫోటో స్టూడియోలవారు వీహెచ్ఎస్ క్యాసెట్లను విడిచి పెండ్లి వీడియోలను సీడీ కొట్టి ఇచ్చుట మొదలిడినదియు ఈ వీడియో సీడీల కాలముననే. అమెరికాలోనున్న బంధువులకు పంపుటకు క్యాసెట్టుకంటె అది తేలిక.

ఆ పెండ్లి సీడీల విషయమున పాఠకులకు నాదొక మనవి. రైటరు రాసిన డిస్కునందు అక్షరములు లోహముపై చెక్కబడలేదు. సేంద్రియవర్ణపు పూతపై కాంతిచే రచింపబడినవి. ఆ పూత వెలుతురునకును, వేడికిని, తేమకును క్రమముగా క్షీణించును. అన్ని సీడీలకును గల సాధారణరక్షణ తప్ప, కంప్యూటరు ఫైళ్లను కాపాడు ఆ 276 బైట్ల అదనపు కాపలా వీడియో సీడీకి లేదు. చోటు కొఱకై 1993లోనే అది త్యజింపబడెను. కావున పూత చెడినచోట దిద్దుబాటునకు అవకాశము లేక బొమ్మ నేరుగా నశించును. సీడీ డ్రైవు గల కంప్యూటరులు అరుదగుచున్న ఈ దినములలో, బీరువాలోని డిస్కులను వెలికితీసి, అందలి చిత్రము గల డాట్ (.dat) ఫైళ్లను మరల కుదింపక యథాతథముగా హార్డ్ డిస్కునకు నకలుచేసి, ఒక ప్రతిని వేఱొక ఇంట ఉంచుడు. ఒక డ్రైవు చదువని డిస్కును మఱియొక డ్రైవు చదువవచ్చును. మొదటి వైఫల్యముతోనే దానిని పాఱవేయకుడు.