గాయిటర్ నివారణ: భారతదేశంలో చరిత్ర

మెడ ముందు భాగంలో, శ్వాసనాళానికి రెండు పక్కలా రెక్కల్లా అతుక్కొని ఉండే అవటు గ్రంథి పెరిగి పైకి కనిపించడాన్ని గాయిటర్ అంటారు. ఆయుర్వేదంలో దీని పేరు గళగండం. ఆహారంలో అయోడిన్ చాలకపోవడం దీనికి ప్రధాన కారణం. 20వ శతాబ్దం రెండో సగంలో భారతదేశం అయోడిన్ కలిపిన ఉప్పుతో ఈ రుగ్మతను చాలావరకు అదుపులోకి తెచ్చింది. ఆ ప్రయత్నానికి శాస్త్రీయమైన పునాది వేసినవారిలో శ్రీకాకుళంలో పుట్టిన పెథాలజిస్టు వులిమిరి రామలింగస్వామి ముఖ్యుడు.

గ్రంథి పనితీరు

అవటు గ్రంథి వినాళ గ్రంథుల్లో ఒకటి. తాను తయారుచేసే హార్మోన్లను ఇది నేరుగా రక్తంలోకి వదులుతుంది. థైరాక్సిన్ అణువులో నాలుగు, ట్రైఅయడోథైరొనిన్ అణువులో మూడు అయోడిన్ పరమాణువులు ఉంటాయి. దేహంలో వేడి పుట్టడం, గుండె కొట్టుకునే వేగం, పిల్లల ఎముకల ఎదుగుదల, గర్భస్థ శిశువు మెదడు రూపొందడం ఈ హార్మోన్ల మీద ఆధారపడి ఉంటాయి.

రక్తంలో వీటి పాలు తగ్గితే మెదడులోని అధోపర్యంకం ఆ లోటును పసిగట్టి పీయూష గ్రంథిని ప్రేరేపిస్తుంది. పీయూష గ్రంథి టీఎస్‌హెచ్ అనే హార్మోన్‌ను విడుదల చేసి అవటు గ్రంథి చేత ఎక్కువ పని చేయిస్తుంది. పాలు సరిపోగానే పై రెండూ నెమ్మదిస్తాయి. ముడిసరుకైన అయోడిన్ అందకపోతే మాత్రం ఈ సర్దుబాటు పూర్తికాదు. టీఎస్‌హెచ్ పెరుగుతూనే ఉంటుంది, గ్రంథి కణాలు లెక్కకు మించి పెరిగి మెడ ఉబ్బుతుంది. గర్భిణిలో తీవ్రమైన లోటు ఏర్పడితే బిడ్డ చెవుడుతో, మందబుద్ధితో, పొట్టిగా ఎదగవచ్చు. పెద్దవారికి రోజుకు కావలసిన అయోడిన్ 150 మైక్రోగ్రాములు, గర్భిణులకు 250. డెబ్బై ఏళ్ల జీవితానికి లెక్క వేసినా అది నాలుగు గ్రాములకు మించదు.

తొలి దశ

సుశ్రుత సంహితలో గళగండం ప్రస్తావన ఉంది. తరువాతి శతాబ్దాలలో చైనాలోనూ ఐరోపాలోనూ సముద్రపు నాచును, దాని భస్మాన్ని మందుగా వాడారు. 1811లో బెర్నార్డ్ కుర్త్వా ఆ నాచు బూడిద నుంచే అయోడిన్‌ను కనుగొన్నాడు. 1820లో జెనీవా వైద్యుడు క్వాందే దాన్ని గాయిటర్ రోగులకు ఇచ్చాడు. 1895లో బౌమన్ అవటు గ్రంథిలో అయోడిన్ ఉన్నట్టు చూపాడు. 1905లో స్టార్లింగ్ హార్మోన్ అనే పేరును వాడుకలోకి తెచ్చాడు. 1914 డిసెంబరు 25న కెండాల్ థైరాక్సిన్‌ను వేరుచేశాడు. 1926, 1927 సంవత్సరాల్లో హారింగ్టన్ దాని నిర్మాణం తేల్చి, బార్గర్‌తో కలిసి కృత్రిమంగా తయారుచేశాడు. స్విట్జర్లాండ్ 1922లో, అమెరికాలోని మిషిగన్ 1924లో అయోడిన్ ఉప్పును ప్రవేశపెట్టాయి.

భారత ఉపఖండంలో తొలి పరిశోధన రాబర్ట్ మెక్‌కారిసన్‌ది. 20వ శతాబ్ది తొలి దశకంలో గిల్గిట్ లోయలో పనిచేసిన ఆయన, కలుషిత జలమే గాయిటర్‌కు మూలమని భావించాడు. ఆయన కూనూరులో నెలకొల్పిన పోషకాహార పరిశోధనశాల తరువాత హైదరాబాదుకు తరలి జాతీయ పోషకాహార సంస్థ అయింది.

కాంగ్రా లోయ ప్రయోగం

వులిమిరి రామలింగస్వామి 1921 ఆగస్టు 8న జన్మించారు. విశాఖపట్నంలోని ఆంధ్ర వైద్య కళాశాలలో చదివి, ఆక్స్‌ఫర్డ్‌లో పరిశోధన పట్టా పొందారు. కూనూరు పరిశోధనశాలలో పోషకాహార లోపాలపై పనిచేశారు. అప్పట్లో పంజాబులో భాగంగా ఉన్న కాంగ్రా లోయలో 1956లో ఆయన, సూచ్ తదితరులతో కలిసి ప్రయోగం ప్రారంభించారు.

హిమాలయాల మంచు, వాన నేలలోని అయోడిన్‌ను యుగాలుగా కడిగేశాయి. అందుకే అక్కడ పండిన పంటలో, తాగే నీటిలో అయోడిన్ తక్కువ. ప్రయోగం కోసం సుమారు లక్ష జనాభా ఉన్న ప్రాంతాన్ని ఎ, బి, సి అని మూడు మండలాలుగా విభజించారు. ఎ మండలానికి పొటాషియం అయొడైడ్, సి మండలానికి పొటాషియం అయొడేట్ కలిపిన ఉప్పు వెళ్లింది. బి మండలానికి మామూలు ఉప్పే అందింది. ఆరంభంలో మూడింటా మూడోవంతుకు పైగా గాయిటర్ ఉంది. 1962 నాటికి ఎ, సి మండలాల్లో అది సగానికి, అంతకన్నా కిందికి దిగింది. బి మండలంలో ఇంచుమించు కదలలేదు. దాంతో అక్కడికీ అయోడిన్ ఉప్పు పంపారు, అక్కడా వాపులు తగ్గాయి. పోల్చి చూడడానికి ఒక మండలాన్ని విడిగా ఉంచడం వల్ల తగ్గుదల ఉప్పు వల్లనేనని సందేహానికి తావులేకుండా తేలింది. ప్రజారోగ్య పరిశోధనలో ఇది ఆదర్శప్రాయమైన పని. ఫలితాలు 1965లో, మళ్లీ 1973లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో వెలువడ్డాయి.

ఇలాంటి సర్వేల్లో పరీక్షకుడు పిల్లల మెడను వేళ్లతో తడిమి చూస్తాడు. గ్రంథి తమ్మె ఆ బిడ్డ బొటనవేలి చివరి కణుపు కన్నా పెద్దదైతే గాయిటర్‌గా లెక్కిస్తాడు.

రామలింగస్వామి 1969 నుంచి 1979 వరకు అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు డైరెక్టరుగా, ఆ తరువాత 1986 వరకు భారత వైద్య పరిశోధన మండలికి డైరెక్టర్ జనరల్‌గా ఉన్నారు. 2001 మే 28న మరణించారు.

జాతీయ కార్యక్రమం

1962లో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. ఉత్పత్తి ప్రభుత్వ రంగానికే పరిమితం కావడంతో రెండు దశాబ్దాలు నత్తనడక సాగింది. 1983లో ప్రైవేటు ఉత్పత్తిదారులకు అనుమతి దొరికింది. 1992 నాటికి దేశంలోని తినే ఉప్పంతటికీ అయోడిన్ కలపాలని 1984లో నిర్ణయించారు. 1992లో కార్యక్రమం పేరును జాతీయ అయోడిన్ లోప రుగ్మతల నియంత్రణ కార్యక్రమంగా మార్చారు.

గాయిటర్ కొండ ప్రాంతాల జబ్బే అన్న అభిప్రాయం కూడా మారింది. సూరత్‌ను ఆనుకొని, సముద్రతీరం ఉన్న భరూచ్ జిల్లాలోనూ అది కనిపించింది. దేశపు ఉప్పులో సింహభాగం గుజరాత్‌దే అయినా, సముద్రపు ఉప్పులో సహజంగా ఉండే అయోడిన్ అతి స్వల్పం. శ్రీకాకుళం జిల్లా నౌపడ మళ్ల ఉప్పుకూ అదే వర్తిస్తుంది. అందుకే ఉప్పు ఎక్కడిదైనా అయోడిన్ విడిగా కలపవలసిందే. వేడి, తేమ ఉన్న వాతావరణంలో అయొడైడ్ కన్నా పొటాషియం అయొడేట్ ఎక్కువకాలం నిలుస్తుంది కనుక భారతదేశంలో దాన్నే వాడుతున్నారు.

ప్రస్తుత స్థితి

తినడానికి అమ్మే ఉప్పులో అయోడిన్ తప్పనిసరి చేసిన కేంద్ర నిబంధనను 2000లో సడలించారు. వైద్యుల విమర్శల నడుమ 2006 మే నుంచి మళ్లీ అమలు చేశారు. ఉత్పత్తి చోట పది లక్షల భాగాలకు 30, వినియోగదారు చేతికి వచ్చేసరికి 15 భాగాల అయోడిన్ ఉండాలన్నది జాతీయ ప్రమాణంగా స్థిరపడింది. క్షేత్రస్థాయిలో ఆరోగ్య కార్యకర్తలు చెంచాడు ఉప్పు మీద పరీక్ష ద్రావణం ఒక చుక్క వేస్తారు. అయోడిన్ ఉంటే పిండి పదార్థంతో కలిసి ఊదా నీలం రంగు తేలుతుంది. 2018–19 జాతీయ సర్వే ప్రకారం నాలుగింట మూడు వంతులకు పైగా కుటుంబాలు తగినంత అయోడిన్ ఉన్న ఉప్పు వాడుతున్నాయి. తగినంత అయోడిన్ లేని ఉప్పు వాడే మిగతా కుటుంబాలను చేరుకోవడం ఈ కార్యక్రమం ముందున్న పని.